పావురాల గోపురం నీడలో ఒక ప్రశ్న: జంతువుల హక్కుల్ని పిల్లలకు నవల నేర్పగలదా?

గండికోటకు బడిపిల్లలు బస్సుల్లో వస్తుంటారు. పెన్నా కోసిన లోయ, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసి చివరికి పావురాల గోపురం దగ్గర ఆగుతారు. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ వాళ్లకు ఎవరో ఒకరు చెబుతారు. పావురాలకోసం ఒక గోపురం ఎందుకు కట్టారో, వాటిని ఏ పనికి వాడారో, వలలోనో డేగ కాళ్లలోనో చిక్కిన పిట్ట సంగతి ఏమైందో చెప్పేవాళ్లు తక్కువ. కోట దాటితే ఎర్రమల కొండల రాతినేల, శనగ చేలు, గొర్రెల మందలు, కొట్టాల్లో ఎద్దులు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లవాడు జంతువును బొమ్మల పుస్తకంలో చూడకముందే వాకిట్లో చూస్తాడు. పొద్దున్నే జీవాలను బయటికి తోలడం, కుడితి పెట్టడం, దూడను విప్పడం అతని పనులే.

అలాంటి పిల్లలకు జంతువుల హక్కుల గురించి కొత్తగా ఎవరు చెప్పాలి? చెబితే ఏ రూపంలో చెప్పాలి? ప్రపంచంలో చాలాచోట్ల ఈ పనికి నవలను వాడుకున్నారు. మన దగ్గర ఆ పని ఎంతవరకు జరిగింది, ఇంకా ఏం మిగిలింది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

దయ, సంక్షేమం, హక్కు

ఈ చర్చలో మూడు ఆలోచనలు కలగలిసిపోతుంటాయి. మొదటిది దయ. నోరులేని జీవాన్ని కొట్టొద్దని అవ్వలు చెప్పే మాట ఇదే. రెండోది సంక్షేమం: జంతువును వాడుకోవచ్చు, కానీ ఆకలి, దాహం, గాయం, భయం లేకుండా చూడాలి. మూడోది హక్కు: మనకు ఉపయోగపడినా పడకపోయినా ఆ ప్రాణికి దాని బతుకు దానికి ఉంది. 1975లో పీటర్ సింగర్ రాసిన 'యానిమల్ లిబరేషన్', 1983లో టామ్ రీగన్ రాసిన 'ది కేస్ ఫర్ యానిమల్ రైట్స్' ఈ చర్చకు తాత్విక పునాది వేశాయి. సింగర్ బాధ అనుభవించే శక్తినుంచి మొదలుపెట్టాడు. రీగన్ జంతువు తన బతుకుకు తానే కర్త అన్నచోట మొదలుపెట్టాడు.

మన దేశంలో ఈ ఆలోచన చట్టంగా మారడానికి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి కారణం. 1950ల్లో ఆమె పెట్టిన ప్రైవేటు బిల్లే 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి దారి తీసింది. 1976లో రాజ్యాంగానికి చేర్చిన పౌర విధుల్లో ప్రాణుల పట్ల కారుణ్యం చూపడం కూడా ఒకటైంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, భయం లేకుండా, సహజ స్వభావంతో బతికే అయిదు స్వేచ్ఛల్ని గుర్తించింది. 2023లో మాత్రం అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి పోటీలకు వీలుగా తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన సవరణలను సమర్థించింది. అంటే పెద్దల లోకంలోనే ఈ ప్రశ్న ఇంకా తెగలేదు. తెగిన పాఠంగా పిల్లలకు అప్పజెప్పడం న్యాయం కాదు.

మన కథల్లో జంతువులు ఎవరు?

తెలుగు పిల్లలకు జంతువుల కథలకు కొదవలేదు. 1853లో చిన్నయసూరి అచ్చువేసిన 'నీతిచంద్రిక'లో పావురాల రాజు చిత్రగ్రీవుడు వలలో చిక్కుతాడు. గుంపంతా ఒక్కటిగా వలతోసహా ఎగిరి, ఎలుక స్నేహితుడి దగ్గరికి చేరి బయటపడుతుంది. ముందు తనవాళ్ల బంధనాలు కొరకమని చిత్రగ్రీవుడు అడుగుతాడు. నాయకుడు ఎలా ఉండాలో, స్నేహం ఎంత విలువైనదో ఆ కథ గొప్పగా చెబుతుంది. అయితే పావురం గురించి అది చెప్పేది స్వల్పం. అక్కడ రెక్కలు తొడుక్కుని మాట్లాడేది మనిషే.

15వ శతాబ్దంలో అనంతామాత్యుడు 'భోజరాజీయము'లో చెప్పిన ఆవు పులి కథ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. బిడ్డకు పాలిచ్చి వస్తానని మాటిచ్చిన ఆవు నిజంగానే తిరిగొస్తుంది, పులి మనసు మారుతుంది. ఈ కథ వింటూ కళ్లనీళ్లు పెట్టుకోని పిల్లలు అరుదు. ఆ కన్నీటికి విలువ ఉంది. అయినా అది సత్యవాక్యాన్ని కీర్తించే కథ. ఆవు మాట తప్పి దూడ దగ్గరే ఉండిపోయి ఉంటే దానికి బతికే అర్హత పోతుందా అని ఏ బడిలోనూ ఎవరూ అడగరు. హక్కుల గురించి మాట్లాడాలంటే మొదలుపెట్టాల్సింది ఆ ప్రశ్నతోనే. మంచితనాన్ని బట్టి బతుకును ఇవ్వడం దయ. మంచిదైనా చెడ్డదైనా బతకనివ్వడం హక్కు.

బనగానపల్లె దగ్గర గిరి గీసి ఆవులను అందులో మేపుతూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసుకున్న వీరబ్రహ్మంగారి గాథ కడప, కర్నూలు పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినదే. కాటమరాజు కథ గొడ్ల మేతకోసం జరిగిన యుద్ధాన్ని పాడుతుంది. పశువుల చుట్టూ తిరిగిన నాగరికత ఇది. ఈ కథలన్నిటిలోనూ పశువు ఉంది, మహిమ ఉంది, పౌరుషం ఉంది. పశువు పక్కన రోజంతా కూర్చుని దాని కష్టసుఖాలు చూసే తీరిక మాత్రం పాటకూ నీతికథకూ ఉండదు. ఆ తీరిక నవలకు ఉంటుంది.

నవల ఏం చేసింది?

1877లో ఇంగ్లండులో అన్నా సూయెల్ 'బ్లాక్ బ్యూటీ' రాసింది. చిన్నప్పుడు కాలికి తగిలిన దెబ్బవల్ల నడవడం కష్టమై, ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపుబండి మీదే ఆధారపడిన మనిషి ఆమె. ఆ నవలను పిల్లలకోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసేవాళ్లు చదవాలని రాసింది. కథ చెప్పేది గుర్రమే. యజమాని మారినప్పుడల్లా దాని బతుకు మారిపోతుంటుంది. తల దర్జాగా పైకి నిలబడి కనిపించాలని బిగించే కళ్లెం ఆ రోజుల్లో గొప్పింటి అలవాటు. ఆ కళ్లెం వేసిన గుర్రం బండిని ఎత్తుమీదికి లాగేటప్పుడు మెడ దించలేక ఎంత నలుగుతుందో సూయెల్ గుర్రం నోటనే చెప్పించింది. పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే 1878లో ఆమె చనిపోయింది. 1890లో అమెరికాలో జార్జ్ ఏంజెల్ అనే ఉద్యమకారుడు దాన్ని విస్తారంగా అచ్చువేయించి బండివాళ్లకూ, గుర్రపుశాలల పనివాళ్లకూ పంచిపెట్టాడు. ఒక నవల న్యాయవాది పని చేసిన సందర్భం ఇది. తర్వాత అది పిల్లల పుస్తకమై తరతరాలు నిలిచింది.

దీనికంటే మనకు దగ్గరి పుస్తకం ధనగోపాల్ ముఖర్జీ రాసిన 'గే నెక్'. తెలుగులో 'చిత్రగ్రీవం'గా వచ్చిన ఈ నవలకు 1928లో అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబరీ పతకం దక్కింది. కలకత్తాలో ఒక పిల్లవాడు పెంచిన పావురం మొదటి ప్రపంచయుద్ధంలో వార్తలు మోయడానికి వెళ్తుంది, గాయపడుతుంది. అంతకంటే ఎక్కువగా భయపడుతుంది. ఎగరడమంటేనే వణికిపోతుంది. మళ్లీ ఆకాశంలోకి వెళ్లడానికి దానికి హిమాలయాల్లో చాలాకాలం పడుతుంది. సూరి చిత్రగ్రీవుడూ ముఖర్జీ పావురమూ ఒకే పేరు మోస్తున్నాయి. మొదటిది పిల్లలకు రాజనీతి నేర్పింది. రెండోది, మనిషి యుద్ధం పిట్టకేం చేస్తుందో చూపించింది. గండికోట గోపురం కింద నిలబడిన పిల్లల చేతిలో ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

1923లో ఫెలిక్స్ జాల్టెన్ రాసిన 'బాంబీ' వేటను జింక వైపునుంచి చూపింది. 1952లో ఇ.బి. వైట్ 'షార్లట్స్ వెబ్' ఒక పందిపిల్లను చంపకుండా ఆపడానికి సాలీడు చేసే ప్రయత్నాన్ని చెప్పింది. ఈ నవలలన్నిటిలో ఒక ఉమ్మడి గుణం ఉంది. పిల్లల్ని అవి ఒక ప్రాణి పక్కన రోజులూ నెలలూ నిలబెట్టాయి. దాని ఆకలి, నిద్ర, రుతువులు, ప్రమాదాలు దగ్గరనుంచి తెలిసేలా చేశాయి.

సీమ నవలల్లో నోరులేని జీవాలు

తెలుగులో పిల్లలకోసమని ముద్ర వేసుకోకపోయినా ఈ పనికి పనికొచ్చే నవలలు రాయలసీమనుంచే వచ్చాయి. చిత్తూరు జిల్లా కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'లో పందులు పెంచుకునే ఒక ముసలివాడు ఇంటికి రాని చూడి పందిని వెతుక్కుంటూ అడవికి వెళ్తాడు. అది అడవిలోనే ఈనింది. చుట్టూ నక్కలు. పిల్లల్ని కాపాడాలని వచ్చిన ముసలివాణ్ణి కూడా ఆ తల్లి దగ్గరికి రానివ్వదు. పెంచినవాడైనా దానికి ఆ రాత్రి పరాయివాడే. పంది మీద ముసలివాడికి ప్రేమ ఉంది, దానిమీదే అతని బతుకు ఆధారపడి ఉంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనుకోకుండా ఒకే మనిషిలో ఇమిడి ఉంటాయి. పై తరగతుల పిల్లలకు ఇంతకంటే నిజాయితీగా ఈ ప్రశ్నను ముందు పెట్టే తెలుగు పుస్తకం దొరకడం కష్టం.

కడప జిల్లాకు చెందిన ఉపాధ్యాయుడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి అందుకుంది. 2021లో సినిమాగా కూడా వచ్చింది. కరువులో మేతా నీళ్లూ కరువై గొర్రెల కాపరులు మందలతో నల్లమల ఎక్కుతారు. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు తండ్రి వెంట ఆ దారి పడతాడు. ఒకవైపు గొర్రె, ఒకవైపు పులి. గొర్రెను కాపాడుకోవడం కాపరి ధర్మం. పులికి ఆ అడవి పుట్టిల్లు. ఎవరి పక్షాన నిలబడాలో పాఠకుడు అంత తేలిగ్గా తేల్చుకోలేడు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు. అన్ని జీవాల వెనక నడిచే కుటుంబాల పిల్లలకు తమ ఇల్లే కథయిన నవల ఇది. ఎనిమిదో తరగతి దాటినవాళ్లు ఉపాధ్యాయుడి తోడుతో చదవగలరు.

చిన్న తరగతులకు వచ్చేసరికి చేతికందేవి తగ్గుతాయి. అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లినుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' మాసపత్రిక, కర్నూలు రచయిత ఎం. హరికిషన్ సేకరించి రాసిన సీమ జానపద కథలు ఈ నేల పిల్లల భాషను అచ్చులోకి తెచ్చాయి. కథలు ఉన్నాయి. పది పన్నెండేళ్లవాళ్లు ఒక ఎద్దుతోనో ఒక పొట్టేలుతోనో రెండు వందల పేజీలు నడిచే నవలలు మాత్రం ఆ వరసలో అరుదు.

చదివితే మారతారా?

మారతారన్న ఆశకు కొంత ఆధారం ఉంది. 1992లో ఫ్రాంక్ అసియోన్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రాథమిక పాఠశాలల్లో ఏడాదిపాటు జంతుకారుణ్య పాఠాలు నడిపి ఫలితాలు చూశాడు. నాలుగో తరగతి పిల్లల్లో జంతువుల పట్ల దృక్పథం మెరుగైంది, తోటి మనుషుల పట్ల సానుభూతి కూడా పెరిగింది. మరుసటి ఏడాది చూసినా ఆ మార్పు నిలిచింది. పోలండులో వోయ్‌చెక్ మవెత్స్కీ బృందం వరస ప్రయోగాలు చేసి, జంతువుల బాధను చెప్పే కథనాలు పాఠకుల వైఖరిని మార్చగలవని 2019లో వెలువరించిన పుస్తకంలో చూపింది. అయితే వైఖరి వేరు, నడవడి వేరు. బ్లాక్ బ్యూటీ చదివి ఏడ్చిన పిల్లవాడు సాయంత్రం వీధికుక్క మీద రాయి విసరడు అని ఏ పుస్తకమూ హామీ ఇవ్వలేదు. చదువుకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని దాటించేది పెద్దల మాట, పెద్దల నడత.

తప్పించుకోలేని ప్రశ్నలు

గండికోట చుట్టుపక్కల ఈ పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయుడికి రెండు దృశ్యాలు ఎదురవుతాయి. మొదటిది బండలాగుడు పోటీ. ఉగాదికో తిరునాళ్లకో కడప, కర్నూలు పల్లెల్లో పాలపళ్ల విభాగమని, సేద్యపు ఎద్దులని, సీనియర్లని జతలు వరసకడతాయి. ఇచ్చిన సమయంలో టన్నుల బరువున్న బండను ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. పోటీకి ముందు నెలల తరబడి ఆ ఎద్దులకు ఇంట్లో బిడ్డకంటే ఎక్కువ మర్యాద: ఉలవలు, నూనె మర్దన, రోజూ స్నానం. వాటి ఒళ్లు రుద్దే చేతి ప్రేమ అబద్ధం కాదు. పోటీ రోజు చెర్నాకోల దెబ్బ కూడా అబద్ధం కాదు. మోకాళ్లు నేలకానిన ఎద్దును మళ్లీ లేపేటప్పుడు దాని కళ్లలో కనిపించేది పౌరుషమా, భయమా అని అడిగే ధైర్యం పిల్లలకు ఇవ్వాలి. ఎద్దును పెంచిన రైతు ముఖం మీదే అడిగించకూడదు. ఆ రైతును తరగతికి పిలిచి, ఎద్దు అలసిందని ఆయనకు ఎలా తెలుస్తుందో చెప్పించాలి. ఆ చెప్పడంలోనే సగం పాఠం ఉంది.

రెండోది జాతర. తాను పాలపొడి కలిపి తాపి పెంచిన పొట్టేలును గుడి ముందు కోయడం పది పన్నెండేళ్ల పిల్ల చూస్తుంది. రాష్ట్రంలో దేవాలయాల్లో పశుపక్షి బలులను నిషేధించే 1950 నాటి చట్టం ఉంది. 1960 కేంద్ర చట్టం మాత్రం మతాచారం ప్రకారం చంపడాన్ని నేరంగా చూడదు. ఈ గందరగోళం పెద్దలదే. ఆ పిల్ల ఏడుపును మూఢత్వమనో మెత్తదనమనో కొట్టిపారేయకుండా వినే చోటు నవలలో దొరకాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మన సమాజంలో జంతుప్రేమ పేరుతో మనుషుల్ని చిన్నచూపు చూసిన చరిత్ర ఉంది. పందులు మేపేవాళ్లను, గొర్రెల్ని కోసేవాళ్లను, తోలుపని చేసేవాళ్లను, మాంసం తినేవాళ్లను క్రూరులుగా చిత్రించే పుస్తకం తరగతిలో సగంమంది పిల్లల్ని తలవంచుకునేలా చేస్తుంది. కరువు ఏట గడ్డి కొనలేక ఎద్దుల్ని సంతకు తోలే రైతు కష్టాన్ని చెప్పకుండా కబేళా బాధ మాత్రమే చెబితే అది సగం నిజం. జంతువు హక్కు, దానితో బతికే మనిషి గౌరవం ఒకే పేజీలో ఉండాలి. కేశవరెడ్డి, సన్నపురెడ్డి నవలల బలం అదే. పట్నంలో పెంపుడు కుక్క చుట్టూ అల్లిన అనువాదాల బలహీనత కూడా అక్కడే.

వేటగాడు కూడా శత్రువు కాకపోవచ్చు. కలివికోడి అనే పిట్టను 1848 ప్రాంతంలో జెర్డన్ అనే పరిశోధకుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది కనుమరుగైంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికిందంటే కారణం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు చూపించిన బొమ్మను గుర్తుపెట్టుకున్న ఒక స్థానిక పిట్టల వేటగాడు. రాత్రిపూట దీపపు వెలుగులో చిక్కిన ఆ పిట్ట బతకలేదు. దాని మూలంగా లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. ఒక పిట్ట ప్రాణం, ఒక వేటగాడి జ్ఞానం, సాగునీటికోసం ఎదురుచూసే రైతు, ఇన్ని న్యాయాలు ఒక్కచోట కలిసిన ఈ ఉదంతమే ఒక పిల్లల నవలకు చాలినంత కథ. రాయడానికి సీమ రచయితలు పూనుకోవాలి.

తరగతి గదిలో

ప్రపంచ అనుభవం, మన నవలలు, ఈ నేల పరిస్థితి కలిపి చూస్తే కొన్ని విషయాలు స్పష్టంగా తేలుతున్నాయి. నవలను పరీక్షకు పెట్టకూడదు. రోజుకొక అధ్యాయం గట్టిగా చదివి వినిపించాలి. అధ్యాయం అయ్యాక ‘నీతి ఏమిటి’ అని అడగొద్దు. సుప్రీంకోర్టు చెప్పిన అయిదు స్వేచ్ఛల్నే అయిదు ప్రశ్నలుగా మార్చి, కథలోని ప్రాణికి ఏది ఉంది, ఏది లేదు, దాన్ని ఎవరు ఇవ్వగలరు అని అడగాలి. ఏది ఉంది, ఏది లేదు అన్నవాటికి జవాబు పుస్తకంలో ఉంటుంది. ఎవరు ఇవ్వగలరన్నదానికి జవాబు ఊళ్లో వెతకాలి.

ఊళ్లో వెతికే పని చట్టంతో కూడా ముడిపెట్టవచ్చు. 1965 నియమాల ప్రకారం బండి లాగే, బరువు మోసే పశువును రోజుకు 9 గంటలు మించి పనిచేయించకూడదు. విరామం లేకుండా వరసగా 5 గంటలు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. మా సీమలో వేసవంతా ఆ గీతకు పైనే. పిల్లలు బడి గోడకు ఉష్ణమాపకం తగిలించి రోజూ రాసుకోవచ్చు. అప్పుడు వాళ్లకొక మంచి సంగతి కూడా తెలుస్తుంది: తెల్లవారుజామునే మడక కట్టి ఎండ ముదరకముందే విడిచే రైతు, ఆ నియమం చదవకుండానే పాటిస్తున్నాడు. అదే 1960 చట్టంలో మొదటిసారి చేసిన క్రూరత్వానికి రాసిన జరిమానా 10 రూపాయలనుంచి 50 రూపాయలు. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెడితే చట్టం చాలనిచోట ఊరి విలువలు ఏం చేయగలవో ఏడో తరగతి పిల్లలు కూడా చర్చించగలరు.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020లో 'చదవడం మాకిష్టం' పేరుతో పఠన కార్యక్రమం మొదలైంది. అలాంటి ప్రయత్నాల్లో ప్రతి ఉన్నత పాఠశాల గ్రంథాలయానికీ 'చిత్రగ్రీవం', 'కొండపొలం', 'అతడు అడవిని జయించాడు' ఒక్కొక్కటి పది ప్రతులైనా చేరాలి. ఒక్క ప్రతి అల్మారాలో ఉంటే అది అలంకారం. పది ప్రతులు ఉంటేనే అది పాఠం. పశువైద్యుడు, గొర్రెల కాపరి, ఎద్దుల రైతు, అటవీ సిబ్బంది నెలకొకరైనా ఆ తరగతికి రావాలి.

జంతువుల హక్కుల్ని నవల నేర్పగలదా అన్న ప్రశ్నకు నా జవాబు: నేర్పగలదు. మాట్లాడే జంతువుతో మురిపిస్తే మాత్రం నేర్పలేదు. ఆ ప్రాణి బతుకును ఓపికగా చూపించి, దానిమీద ఆధారపడిన మనిషిని దోషిగా నిలబెట్టకుండా, పిల్లల ఎదుట తెగని ప్రశ్నను తెగనట్టే ఉంచినప్పుడు నేర్పుతుంది. ఈ నేలకు కావలసిన అలాంటి నవలలు మనకు రెండో మూడో ఉన్నాయి, అవీ పెద్దలకు రాసినవి. పన్నెండేళ్ల పిల్లలకోసం ఎద్దు మీద, పొట్టేలు మీద, కలివికోడి మీద సీమ మాటల్లో రాయవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. రచయితలు రాయాలి, ప్రచురణకర్తలు వేయాలి, బడులు కొనాలి. జీవాల మధ్య పుట్టి పెరిగిన పిల్లలు తమకు తెలిసిన ప్రాణుల గురించి న్యాయంగా ఆలోచించడం నేర్చుకోవడానికి ఆ పుస్తకాలు వాళ్ల హక్కు కూడా.